ప్రాక్టీసు అడిగినంత తిండి

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 50 కిలోల విభాగంలో చైనా బాక్సర్ వు యు చేతిలో 0-5తో ఓడిపోయింది. అంతకు నాలుగు రోజుల ముందే, జూలై 28న, జర్మనీ బాక్సర్ మ్యాక్సీ క్లోట్జర్ మీద 5-0తో గెలిచింది. ఓడిన తర్వాత ఆమె విలేకరులకు చెప్పిన సంగతిని ఆట నేర్చుకునే పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ, పీఈటీ సార్లూ గుర్తు పెట్టుకోవాలి. బరువు పెరగకుండా చూసుకోవడానికి రెండు రోజులుగా ఏమీ తినలేదట. తూకం అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదట. తూకం అయ్యాక తేరుకోవడానికి టైం చాలలేదట.

వు యు ఆ విభాగంలో మొదటి సీడు. చివరికి స్వర్ణం కూడా ఆమే గెలిచింది. కడుపు నిండా తిని ఉంటే నిఖత్ గెలిచేదని నేననను. కానీ ప్రపంచంలో అందరికన్నా బలమైన ప్రత్యర్థితో తలపడే రోజున మన అమ్మాయి ఖాళీ కడుపుతో, ఎండిన గొంతుతో రింగులోకి దిగాల్సి వచ్చిందన్నది నిజం. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ పరిస్థితి ఎందుకొచ్చిందో చూద్దాం. 2022 మేలో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది 52 కిలోల విభాగంలో. పారిస్ ఒలింపిక్స్‌లో మహిళలకు 52 కిలోల విభాగమే లేదు. అయితే 50, లేదంటే 54. ఆమె 50కి దిగింది. ఆ బరువులోనే 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, 2023 మార్చిలో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్ గెలిచింది. అంటే అది అసాధ్యమైన బరువేమీ కాదు. కానీ రెండు కిలోలు తగ్గించుకుని ఆ తగ్గింపును నెలల తరబడి నిలబెట్టుకోవడం, పోటీ ఉన్న ప్రతి పొద్దున మళ్లీ తూకానికి నిలబడడం శరీరం మీద ఎంత భారమో పారిస్‌లో తెలిసొచ్చింది. అదే ఒలింపిక్స్‌లో ఆగస్టు 7న రెజ్లర్ వినేశ్ ఫోగట్ 100 గ్రాముల తేడాతో ఫైనల్‌కు దూరమైన సంగతి దేశమంతటికీ తెలుసు.

ఇప్పుడు మన జిల్లాలోని జక్రాన్‌పల్లికి వద్దాం. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, హైస్కూలు గ్రౌండులో, ఊరి క్రీడా ప్రాంగణంలో తెల్లవారుజామున పరుగెత్తే పిల్లలకు తూకం గొడవ లేదు. కొందరు కానిస్టేబుల్ సెలెక్షన్ల కోసం 1600 మీటర్లు ప్రాక్టీసు చేస్తుంటారు. ఇంకొందరిది కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. అయినా వాళ్లలో చాలామంది నిఖత్ పారిస్‌లో ఉన్న స్థితికి దగ్గరగానే రోజూ పరుగెత్తుతున్నారు. రాత్రి ఎనిమిదింటికి రెండు ముద్దలు తిని పడుకుంటారు. పొద్దున అయిదింటికి లేచి ఏమీ తినకుండా గంటన్నర ప్రాక్టీసు చేస్తారు. ఇంటికొచ్చి చాయ్ తాగి, రెండు బిస్కెట్లు నోట్లో వేసుకుని బడికో కాలేజీకో పరుగు. అసలైన తిండి మొదలయ్యేది మధ్యాహ్నం ఒంటిగంటకు. టైమింగ్ తగ్గడం లేదని ఇంకో రౌండు కొడతారు. అది ఇంకా తగ్గదు.

నా అనుభవంలో మన పల్లె క్రీడాకారుల అసలు సమస్య చెడు తిండి కాదు, చాలని తిండి. పసుపు భూమిలోని సారమంతా పీల్చే పంట. తొమ్మిది నెలలు ఎరువు పెట్టకుండా దుంప ఊరలేదని బాధపడే రైతు ఈ మండలంలో ఒక్కడూ ఉండడు. కానీ అదే రైతు ఇంట్లో రెండు పూటలా ప్రాక్టీసు చేసే బిడ్డకు ఎంత తిండి కావాలో ఎవరూ లెక్కెయ్యరు. ప్రాక్టీసు పెరిగిన నెలలో కంచంలో అన్నం పెరగాలన్న ఆలోచనే రాదు.

కండల్లో దాచుకున్న పిండి

మనం తిన్న అన్నం, రొట్టె, అరటిపండు లోపలికి వెళ్లాక గ్లూకోజుగా మారతాయి. అప్పటికప్పుడు అవసరం లేనిది గ్లైకోజెన్ అనే రూపంలో కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ అవుతుంది. పెద్దవాళ్లలో కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాములు. కాస్త గట్టిగా పరుగెత్తితే ఈ నిల్వ గంటన్నర, రెండు గంటలకు మించి రాదు. అది అయిపోతే కాళ్లు బరువెక్కుతాయి, మనసు చెప్పిన మాట శరీరం వినదు. కబడ్డీలో చివరి అయిదు నిమిషాల్లో రైడర్ బోనస్ లైను దాకా వెళ్లలేక వెనక్కి వచ్చేస్తుంటే మనం ధైర్యం లేదంటాం. చాలాసార్లు లేనిది గ్లైకోజెన్.

రాత్రి నిద్రలో మెదడును నడపడానికి కాలేయంలోని నిల్వ చాలావరకు ఖర్చయిపోతుంది. కండరాల్లోది మిగిలే ఉంటుంది. అందుకే పొద్దున్నే ఖాళీ కడుపుతో అరగంట మెల్లగా పరుగెత్తినా ఏమీ కాదు. స్ప్రింట్లు, ఇంటర్వెల్స్, మ్యాచ్ ప్రాక్టీస్ ఉన్న రోజు మాత్రం అరగంట ముందు ఒక అరటిపండో, గుప్పెడు అటుకులు బెల్లమో కడుపులో పడాలి. ఇంత చిన్న మార్పు వారం రోజుల్లో తేడా చూపిస్తుంది. ముందు ఇదే మొదలుపెట్టండి.

రోజుకు గంట దాకా మోస్తరు ప్రాక్టీసు చేసేవాళ్లకు కిలో శరీర బరువుకు 5 నుంచి 7 గ్రాముల పిండిపదార్థం కావాలని క్రీడా పోషకాహార నిపుణుల సలహా. ప్రాక్టీసు రెండు మూడు గంటలైతే అది 10 దాకా పోతుంది. ప్రొటీన్ కిలోకు 1.2 నుంచి 2 గ్రాములు. చదవడానికి లెక్కల పుస్తకంలా ఉంది గాని ఒక మనిషిని పెట్టుకుని చూస్తే తేలిక. 50 కిలోల కబడ్డీ అమ్మాయి అనుకుందాం. ఆమెకు పిండిపదార్థం 250 నుంచి 350 గ్రాములు, ప్రొటీన్ 60 నుంచి 100 గ్రాములు కావాలి.

ఇది మన వంటింట్లోంచే వస్తుందా? వస్తుంది. ప్రాక్టీసుకు ముందు ఒక అరటిపండు. తిరిగొచ్చాక రెండు జొన్నరొట్టెలు, రెండు ఉడకబెట్టిన గుడ్లు. మన ఆర్మూర్ వైపు పండే ఎర్రజొన్న విత్తనం కోసం ఉత్తరాదికి పోతుంది. రొట్టెకు తెల్లజొన్న పిండి కొనుక్కోవాల్సిందే, అయినా కొనదగిన పిండి. మధ్యాహ్నం 120 గ్రాముల బియ్యం అన్నం, అందులో గిన్నెడు చిక్కటి పప్పు, పెరుగు. సాయంత్రం ప్రాక్టీసు ముందు గుప్పెడు శనగ గుడాలు, ఒక పల్లి పట్టి. రాత్రి మళ్లీ 100 గ్రాముల బియ్యం అన్నం, కూర, పడుకునే ముందు పెద్ద గ్లాసు పాలు. ఇదంతా కూడితే ప్రొటీన్ 75 గ్రాములు దాటుతుంది, పిండిపదార్థం 350 దగ్గరికి వస్తుంది. ఇందులో ఒక్క డబ్బా పౌడరు లేదు. ఆదివారం అంకాపూర్ నాటుకోడి తింటే అది పండగ, ఇంకా మంచిది. ఆ ఒక్క పూట మిగతా ఆరు రోజుల లోటు తీరుస్తుందని మాత్రం అనుకోవద్దు. శరీరం ప్రొటీన్‌ను పిండిలాగా దాచుకోలేదు. ప్రతి పూటా కొంత కొంత, ఒక్కో పూటకు 20 గ్రాముల చొప్పున అందితేనే కండ పెరుగుతుంది.

పప్పు గురించి ఒక మాట చెప్పాలి. మన ఇళ్లలో పప్పంటే చాలాసార్లు పప్పుచారే. నలుగురికి వంద గ్రాముల కందిపప్పు వేసి లీటరు నీళ్లు పోస్తే మనిషికి అందే ప్రొటీన్ 5, 6 గ్రాములు. గుడాలు ఇంతకంటే ఎంతో మేలు. బొబ్బెర్లు, పెసర్లు, శనగలు, అనుములు ఏవైనా రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించి తాలింపు పెడితే చాలు. మన ముందుతరాలు చేనుకు వెళ్లేముందు తిన్నవి ఇవే. ఈ అలవాటు మెల్లగా పోయి దాని స్థానంలో బిస్కెట్ పాకెట్ వచ్చింది. నాకు ఇది మన కాలపు పెద్ద నష్టాల్లో ఒకటిగా కనిపిస్తుంది.

రెండు పూటలా ప్రాక్టీసు చేసేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. పొద్దున ప్రాక్టీసు అయిన గంటలోపే తినాలి. ఆ సమయంలో కండరాలు పిండిని తొందరగా తీసుకుని నింపుకుంటాయి. మధ్యాహ్నం దాకా ఆగితే సాయంత్రానికి నిల్వ పూర్తిగా నిండదు. రోజుకు ఒక్కపూటే ప్రాక్టీసు చేసేవాళ్లకు ఇంత తొందరేమీ లేదు.

పసుపు పని రోజుల సంగతి కూడా చెప్పాలి. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వడం, కొమ్ములు విరవడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం, కుప్ప ఎత్తడం. ఈ పనుల్లో ఇంట్లో పిల్లలు కూడా చేయి వేస్తారు. కల్లంలో మూడు గంటలు వంగి పనిచేసిన అబ్బాయి సాయంత్రం గ్రౌండుకు వస్తే కోచ్‌కు ఆ మూడు గంటలు కనబడవు. ఆ అలసట చూసి బద్ధకం అంటాడు. పొలం పని కూడా ప్రాక్టీసు లెక్కలోకే వస్తుంది. ఆ రోజుల్లో గ్రౌండులో రౌండ్లు తగ్గించాలి, ఇంట్లో ముద్దలు పెంచాలి.

అమ్మాయిల రక్తం

ఈ అధ్యాయంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. ఊపిరితిత్తుల నుంచి కండరాలకు ప్రాణవాయువును మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తక్కువగా ఉన్న అమ్మాయి ఎంత ప్రాక్టీసు చేసినా 800 మీటర్ల టైమింగ్ ఒకచోట ఆగిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, గోళ్లు పాలిపోవడం, మట్టి తినాలనిపించడం ఇవన్నీ సూచనలు. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. ఆడపిల్లలకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అన్నట్టే. సీజన్ మొదలయ్యేముందు ప్రతి అమ్మాయికీ ఈ పరీక్ష చేయించండి. మంచి బూట్ల కన్నా ఇది ముందు.

బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలను పిల్లలు జేబులో పెట్టుకుని దారిలో పడేస్తారు. దగ్గరుండి మింగించండి. నులిపురుగుల మాత్ర కూడా అంతే. పేగుల్లోని కొన్ని పురుగులు రక్తం పీలుస్తాయి, దాంతో ఐరన్ కూడా పోతుంది. వంటలో పుంటికూర, తోటకూర, మునగాకు, నువ్వులు, బెల్లం మంచివే. వీటిలోని ఐరన్ ఒంటబట్టాలంటే నిమ్మకాయో ఉసిరికాయో తోడుండాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు మాత్రం దానికి అడ్డు పడుతుంది. చాయ్ మానమని చెప్పను. గంట ఆగి తాగమంటాను. వారానికి రెండుసార్లు కార్జం, అంటే లివర్, దొరికితే వండండి. అందులోని ఐరన్ బాగా ఒంటబడుతుంది.

ఇంకొకటి నేరుగా రాస్తాను. ప్రాక్టీసు పెరిగాక అమ్మాయికి నెలసరి ఆగిపోతే కొందరు కోచ్‌లు అది ఫిట్‌నెస్‌కు గుర్తు అంటారు. ఇది పూర్తిగా తప్పు. తిన్నది ప్రాక్టీసులో ఖర్చయ్యే శక్తికి సరిపోకపోతే శరీరం ముందుగా ఆపేసే పనుల్లో అదొకటి. ఎముకల్లో కాల్షియం తగ్గుతుంది, చిన్న చిన్న పగుళ్లు వస్తాయి, గాయాలు మానవు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వైద్యులు దీనికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి ప్రపంచ క్రీడా సంఘాలన్నిటినీ హెచ్చరించారు. అబ్బాయిలకూ ఈ ముప్పు ఉందని కూడా అందులో చెప్పారు. మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ప్రాక్టీసు తగ్గించాలి, తిండి పెంచాలి. ఈ విషయం కూతురు చెప్పడానికి సిగ్గుపడుతుంది, తల్లే అడగాలి.

మన ఇళ్లలో ఆడవాళ్లు చివర తింటారు. మగవాళ్లకు వడ్డించాక గిన్నెలో మిగిలింది వాళ్లది. ప్రాక్టీసు నుంచి వచ్చిన అమ్మాయిని కూడా ఆ వరుసలో నిలబెడితే రెండు గుడ్లలో ఒకటి తమ్ముడికి పోతుంది. ఆమె తిండి ముందే తీసి పక్కన పెట్టండి.

పౌడర్లు, పసుపు పాలు

ఆర్మూర్‌లో, నిజామాబాద్‌లో జిమ్ముల దగ్గర ప్రొటీన్ డబ్బాలు కనబడతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండ కోసం ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని చెప్పింది. దేశస్థాయి పోటీలకు వెళ్లేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని సప్లిమెంట్లలో లేబుల్ మీద రాయని నిషేధిత పదార్థాలు కలుస్తుంటాయి, డోపింగ్ పరీక్షలో పట్టుబడితే తెలియక తాగానంటే ఎవరూ వినరు.

పసుపు మీద మనకు మక్కువ ఎక్కువ. పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా నిజామాబాద్‌లోనే పెట్టారు. పసుపులోని కుర్కుమిన్ వ్యాయామం తర్వాత వచ్చే కండరాల నొప్పిని కాస్త తగ్గించవచ్చని కొన్ని చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. కానీ పసుపు పొడిలో కుర్కుమిన్ ఉండేది సుమారు 3 శాతం, అది కూడా పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువే చేరుతుంది. మిరియాలతో కలిస్తే ఎక్కువ చేరుతుందని బెంగళూరు పరిశోధకులు 1998లో చూపించారు. పసుపు పాలు హాయిగా తాగండి. ఆ గ్లాసులో మీ కండకు ఎక్కువ పనిచేసేది పాలేనని తెలిసి తాగండి.

మెల్లగా పెంచాలి, బాగా నిద్రపోవాలి

మన జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తోడుగా ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్‌ది అప్పటి ఖమ్మం జిల్లా. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్లను నేరుగా హిమాలయాలకు పంపలేదు. మొదట భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కించారు, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి. ప్రతి దశలో శరీరం అలవాటు పడే దాకా ఆగారు. ఫిట్‌నెస్ పెరిగేది ఇలాగే. వారానికి దూరం గాని బరువు గాని పది శాతం కన్నా ఎక్కువ పెంచకపోవడం మంచిది. నోటిఫికేషన్ వచ్చాక నెలలో 1600 మీటర్లకు తయారవుదామని రోజూ పూర్తి వేగంతో పరుగెత్తే అబ్బాయిలకు మోకాలి కింద ఎముక నొప్పి రావడం నేను చాలాసార్లు చూశాను. వారంలో రెండు రోజులు వేగం, మూడు రోజులు మెల్లని దూరం, ఒక రోజు గుంజీలు, దండీలు, పొట్ట వ్యాయామాలు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. పల్లె ప్రాక్టీసుకు ఇది చాలు.

వ్యాయామం కండరాన్ని కొద్దిగా దెబ్బతీస్తుంది. తిండి, నిద్ర దాన్ని మునుపటికన్నా గట్టిగా కడతాయి. యుక్తవయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రియో ఒలింపిక్స్‌కు ముందు పీవీ సింధు దగ్గర నుంచి ఫోన్ మూడు నెలల పాటు తీసుకున్నానని ఆమె కోచ్ పుల్లెల గోపీచంద్ 2016లో చెప్పారు. పొద్దున అయిదింటికి గ్రౌండుకు వచ్చే పిల్లవాడి ఫోన్ రాత్రి తొమ్మిదింటికి తల్లిదండ్రుల గదిలోకి పోవాలి.

ఎండా, నీళ్లూ

మన దగ్గర మేలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. వేసవి శిక్షణ శిబిరాలు కూడా అప్పుడే. శరీర బరువులో 2 శాతం నీరు పోయినా పరుగు మందగిస్తుంది. 50 కిలోల పిల్లకు అది ఒక్క కిలో, గంట కబడ్డీతో పోయేంత చెమట. ప్రాక్టీసుకు ముందూ తర్వాతా తూకం వేసి చూడండి, ఎంత పోయిందో తెలుస్తుంది. కిలో తగ్గితే ఆ తర్వాతి రెండు మూడు గంటల్లో లీటరుంపావు నుంచి లీటరున్నర తాగాలి. ఉప్పు వేసిన చల్ల, అంబలి, నిమ్మరసం బాగుంటాయి. కూల్‌డ్రింక్ వద్దు, 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాముల చక్కెర ఉంటుంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక గోపీచంద్ కూల్‌డ్రింక్ ప్రకటనకు ఒప్పుకోలేదు. ఇది మీ పిల్లలకు చెప్పండి.

నీళ్లు మానేసి బరువు తగ్గించడం ఊరి స్థాయిలో కూడా జరుగుతోంది. బడి పోటీల్లో, సబ్‌జూనియర్ కబడ్డీలో, కుస్తీలో బరువు పరిమితి ఉంటుంది. ముందు రోజు పిల్లలను స్వెటర్ వేసి పరుగెత్తించడం, ఉమ్మి వేయించడం కొందరు చేస్తారు. ఎదిగే వయసులో ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. పై విభాగంలో ఆడించండి. నిజంగా తగ్గాల్సింది ఉంటే వారానికి అరకిలో చొప్పున రెండు నెలల ముందే మొదలుపెట్టండి, అది కూడా ప్రొటీన్ తగ్గించకుండా.

పోటీ రోజు

ఆర్మూర్‌లో టోర్నమెంట్ ఉంది, మీ జట్టుకు మూడు మ్యాచ్‌లు ఉన్నాయనుకుందాం. మొదటి మ్యాచ్ పదింటికైతే ఏడింటికే కడుపు నిండా తినాలి: ఇడ్లీయో, ఉప్మాయో, రోజూ తినేదేదైనా. కొత్త తిండి ఆ రోజు వద్దు, పల్లీలు, నూనె, కారం తక్కువ. గంట ముందు ఒక అరటిపండు. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య అరగంటే ఉంటే బెల్లం ముక్క, ఖర్జూరాలు, కొద్ది కొద్దిగా నీళ్లు. రెండు గంటలుంటే పెరుగన్నం. నిర్వాహకులు మధ్యాహ్నం బిర్యానీ పెడితే మొహమాటపడకుండా పొట్లం కట్టించుకుని చివరి మ్యాచ్ అయ్యాక తినండి. సంచిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, లీటరు సీసాలు ఉండాలి. ఓఆర్‌ఎస్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా గీటుగా కొలిచి కలపండి. ఆ సంచి సర్దే పని జట్టులో ఒకరికి అప్పజెప్పండి, ముందు రోజు సాయంత్రమే సర్దించండి.